పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఎన్‌కే కణాల పగ్గాలు

పోయిన సంచికలో ఒంటి రక్షణ వ్యవస్థ మీద వేసిన వ్యాసంలో నేచురల్ కిల్లర్ (ఎన్‌కే) కణాలకు ఒక్క పేరానే దక్కింది. ఉత్తరాలు మాత్రం వాటి మీదే ఎక్కువ వచ్చాయి, గంజాం మొదలు మల్కనగిరి దాకా. చాలామంది అడిగింది ఒకటే: చంపడమే పనిగా ఉన్న కణాన్ని ఆపేది ఏమిటి, ఆ ఆపే రిసెప్టర్లను (కణం పైన ఉండి ఎదుటి గుర్తును పట్టుకునే ప్రోటీన్లను) కణం ఎలా సర్దుకుంటుంది? ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

పర్లాకిమిడి నుంచి ప్లస్‌టూ కాలేజీ మాస్టారు: ఎన్‌కే కణం శత్రువును ముందెన్నడూ చూడకపోయినా చంపగలదని రాశారు. మరి పక్కనే ఉన్న మన సొంత కణాల జోలికి ఎందుకు పోదు? పిల్లలు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.

జవాబు: మాస్టారూ, శాస్త్రవేత్తలకు కూడా ఇది తేలడానికి పదేళ్ళకు పైనే పట్టింది. ఎన్‌కే కణాల్ని 1975లో స్వీడన్‌లో రోల్ఫ్ కీస్లింగ్ బృందం, అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం ఎవరికి వారుగా గుర్తించారు. కేన్సర్ కణం మీద అవి ఏ గుర్తు చూసి పట్టుకుంటున్నాయో ఎంత వెతికినా దొరకలేదు. స్టాక్‌హోంలో క్లాస్ కారె ప్రశ్ననే తిరగేశారు: ఉండాల్సినది లేకపోతే చంపుతున్నాయేమో చూద్దాం అన్నారు. 1986లో ఆయన బృందం దాన్ని ఎలుకల్లో చూపించింది. లింఫోమా అనే ఒకే రక్తకణాల కేన్సర్ నుంచి వచ్చిన రెండు రకాల కణాలు తీసుకున్నారు. ఒకదాని మీద సొంత కణమని తెలిపే ఎంహెచ్‌సీ ఒకటో తరగతి ప్రోటీన్ నిండుగా ఉంది, రెండోదాని మీద బాగా తగ్గిపోయింది. నిండుగా ఉన్నది ఎలుకలో గడ్డగా పెరిగింది. తగ్గినదాన్ని ఎన్‌కే కణాలు తుడిచిపెట్టేశాయి.

మనుషుల్లో ఈ ప్రోటీన్ల పేరు హెచ్‌ఎల్‌ఏ. ఏ, బీ, సీ అని మూడు ముఖ్యమైనవి, వాటి వెంట ఈ అనే ఇంకొకటి. కేంద్రకం ఉన్న కణాలన్నీ దాదాపుగా వీటిని ఒంటి మీద పెట్టుకునే తిరుగుతాయి. చెడిన కణాల్ని వెతికి చంపే టీ కణాల కంట పడకూడదని వైరస్ గానీ కేన్సర్ గానీ ముందు దించేసేది వీటినే. టీ కణం నుంచి తప్పించుకున్నది అలా ఎన్‌కే చేతికి చిక్కుతుంది.

ఆపడం ఎలా జరుగుతుందో పిల్లలకు బోర్డు మీద గీసి చూపించవచ్చు. ఆపే రిసెప్టర్ తల కణం బయట ఉంటుంది, తోక లోపల ఉంటుంది. తోకలో ఐటిమ్ అనే చిన్న వరస ఉంది. అందులో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. బయట తల హెచ్‌ఎల్‌ఏను పట్టుకోగానే లోపల టైరోసిన్‌కు ఒక ఫాస్ఫేట్ తగులుకుంటుంది. దాని మీదికి ఎస్‌హెచ్‌పీ-1 అనే ఎంజైమ్ వచ్చి కూర్చుని, చుట్టుపక్కల ఉసికొల్పే సంకేతాలు మోసే ప్రోటీన్ల నుంచి, ముఖ్యంగా వావ్1 నుంచి, ఫాస్ఫేట్లను ఊడబెరుకుతుంది. ఉసికొల్పే సంకేతం మొదటి మెట్టులోనే చచ్చిపోతుంది.

పిల్లలకు తప్పక చెప్పాల్సినది ఇంకొకటుంది. ఈ ఆపడం కణమంతటికీ పాకదు, రెండు కణాలు తాకిన చోటికే పరిమితం. అందుకే ఒక ఎన్‌కే కణం ఎడమ పక్కనున్న మంచి కణాన్ని వదిలేస్తూనే కుడి పక్కన వైరస్ పట్టిన కణాన్ని చంపగలదు. ఇంకో సంగతి, గుర్తు లేకపోవడం ఒక్కటే చావుకు చాలదు. ఉసికొల్పేది కూడా ఏదో ఒకటి ఎదుటి కణం మీద ఉండాలి. చివర్లో మలేరియా ప్రశ్న దగ్గర దీని అవసరం పడుతుంది.

బరంపురం నుంచి ఎం.ఎస్సీ. జువాలజీ విద్యార్థిని: ఒకే మనిషిలో ఒక్కో ఎన్‌కే కణం మీద ఒక్కో రకం కిర్ రిసెప్టర్ ఉంటుందని చదివాను. జన్యువులు అన్ని కణాల్లోనూ ఒకటే కదా. ఏది పెట్టుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: కిర్ అంటే ఎన్‌కే మీద ఉండే ఒక రిసెప్టర్ల కుటుంబం, అందులో ఆపేవీ ఉన్నాయి, ఉసికొల్పేవీ ఉన్నాయి. ముందు అసలు చిక్కు చెబుతాం. కిర్ జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. అవి పట్టుకోవాల్సిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. రెండూ తల్లిదండ్రుల నుంచి విడివిడిగా వస్తాయి. తాళం ఒక పెట్టెలో, తాళంచెవి ఇంకో పెట్టెలో వచ్చినట్టు. కిర్2డీఎల్1 రిసెప్టర్‌కు హెచ్‌ఎల్‌ఏ-సీలో 80వ స్థానంలో లైసిన్ ఉన్న సీ2 రకం కావాలి. కిర్2డీఎల్2, 2డీఎల్3లకు అదే స్థానంలో ఆస్పరజీన్ ఉన్న సీ1 రకం కావాలి. కిర్3డీఎల్1 వెతికేది బీడబ్ల్యూ4 గుర్తు ఉన్న హెచ్‌ఎల్‌ఏను. కిర్2డీఎల్1 జన్యువు ఉన్న మనిషికి సీ2 ఉంటుందన్న హామీ లేదు.

ఇంత అనిశ్చితిలో కణం ఎన్నుకునే తీరు గవ్వలాట లాంటిది. ఒక్కో కిర్ జన్యువు ఒక్కో గవ్వ, వెల్లకిలా పడితే ఆ రిసెప్టర్ తయారవుతుంది, బోర్లా పడితే కాదు. ఒక గవ్వ పడిన తీరుకు ఇంకో గవ్వతో చాలావరకు సంబంధం లేదు. అందుకే లెక్క సరిపోతుంది: ఒకరిలో 2డీఎల్1 30 శాతం కణాల మీద, 3డీఎల్1 20 శాతం కణాల మీద ఉంటే, రెండూ ఉన్నవి సుమారు 6 శాతం, రెండూ లేనివి సుమారు 56 శాతం. అసలు కొలతలు కూడా ఈ గుణకారానికి దగ్గరగానే వస్తాయి.

కానీ గవ్వలు వేసేది ఒక్కసారే. పడిన తీరును డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులతో కణం ముద్ర వేసుకుంటుంది. జన్యువు చదవడం మొదలయ్యే చోటైన ప్రమోటర్ మీద మిథైల్ నిండిపోతే ఆ జన్యువు మూతపడ్డట్టే, ఆ గుర్తులు తొలగితే తెరుచుకుంటుంది. కణం రెండుగా చీలినా పిల్ల కణాలకు అదే ముద్ర పోతుంది. ఒక్కోసారి తల్లి నుంచి వచ్చిన ప్రతి తెరుచుకుని, తండ్రి నుంచి వచ్చినది మూతపడి ఉంటుంది. మిథైల్ గుర్తుల్ని చెరిపే డెసిటబిన్ మందును ప్రయోగశాలలో ఎన్‌కే కణాలకు వేస్తే, మూతపడిన కిర్‌లు పైకి తేలాయి. మిథైలేషనే తలుపు గడియ అనడానికి మంచి రుజువు అది.

గవ్వను ఇటో అటో పడేసేది ప్రమోటరే. కిర్ జన్యువు ముందున్న ప్రమోటర్ రెండు దిక్కులా చదవగలదు. ముందుకు చదివితే రిసెప్టర్‌కు దారి. వెనక్కి చదివితే వ్యతిరేక ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. దాన్ని కోస్తే 28 అక్షరాల చిన్న ముక్క వస్తుంది. జన్యువు మూతపడి ఉండడానికి అది తోడ్పడుతుందని చూపించారు. ఏ దిక్కున చదువు మొదలవుతుందన్నది అవకాశం మీద ఆధారపడి ఉంది. జీవశాస్త్రంలో యాదృచ్ఛికతను ఇంత శుభ్రంగా పనిలో పెట్టిన ఏర్పాట్లు మాకు తెలిసి తక్కువ.

వరస ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, పరీక్షలో కూడా పనికొస్తుంది. లేత ఎన్‌కే కణం ముందుగా పెట్టుకునేది కిర్ కాదు, ఎన్‌కేజీ2ఏ. అది సీడీ94తో జతకట్టి హెచ్‌ఎల్‌ఏ-ఈని చూస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-ఈ ఒడిలో ఉండేది ఇతర హెచ్‌ఎల్‌ఏల ముందు కొసలోని 9 అమైనో ఆమ్లాల ముక్క. అంటే ఈ ఒక్క రిసెప్టర్‌తోనే కణం మొత్తం హెచ్‌ఎల్‌ఏ ఉత్పత్తి సాగుతోందో లేదో తెలిసిపోతుంది. ఎవరి ఒంట్లోనైనా పనికొచ్చే పగ్గం ఇది. కణం ముదిరేకొద్దీ ఎన్‌కేజీ2ఏ తగ్గి కిర్‌లు పెరుగుతాయి, ఆ తర్వాత ముదిరిన కణానికి గుర్తైన సీడీ57 వస్తుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారిలో ఈ వరస కళ్ళకు కడుతుంది: మొదటి వారాల్లో ఎన్‌కేజీ2ఏ కణాలే దండిగా ఉంటాయి, కిర్‌లు నిండడానికి నెలలు పడుతుంది.

ఎన్‌కేజీ2ఏ కిర్‌లాగా గడియ పడేది కాదు. కణాల మధ్య సంకేతాలు మోసే ఐఎల్-12, ఐఎల్-15, టీజీఎఫ్-బీటా ప్రోటీన్లు తగిలితే పెరుగుతుంది. కణం ఉపరితలం నుంచి నిరంతరం లోపలికి వెళ్ళి తిరిగి పైకి వస్తూ ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ-ఈని పట్టుకున్నా ఆ వేగం మారదు, అందువల్ల ఎంత వాడినా అరిగిపోదు. ఉసికొల్పే రిసెప్టర్ల పద్ధతి వేరు. ఎన్‌కేజీ2డీ తన జోడీని ఎక్కువసేపు చూస్తే ఉపరితలం నుంచి తగ్గిపోతుంది. యాంటీబాడీలను పట్టుకునే సీడీ16నైతే కణమే కత్తిరించి పారేస్తుంది.

జయపురం నుంచి ఒక పాఠకుడు: అంతా గవ్వల మీదే నడిస్తే, సొంత హెచ్‌ఎల్‌ఏను పట్టుకునే రిసెప్టర్ ఒక్కటీ లేని కణాలు కూడా పుడతాయి కదా. అవి మన ఒంటినే తినేయాలి. ఎందుకు తినవు?

జవాబు: ఈ శాఖలో చాలాకాలం నలిగిన ప్రశ్న మీది. అలాంటి కణాలు పుడతాయి, బతుకుతాయి, రక్తంలో తిరుగుతాయి. కానీ మొద్దుగా ఉంటాయి. హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని ఎదురుగా పెట్టినా పెద్దగా చలించవు. కాడి కట్టి అలవాటు చేయని కోడె ఎంత బలమున్నా నాగలి లాగదు కదా, అలాగ.

2005లో వేన్ యోకోయామా బృందం ఎలుకల్లో దీన్ని చూపించి లైసెన్సింగ్ అని పేరు పెట్టింది. సొంత ఎంహెచ్‌సీని పట్టుకునే ఆపే రిసెప్టర్ ఉన్న కణానికే పనిచేసే అర్హత దక్కుతుందన్నారు. అదే ఏడు డేవిడ్ రాలె బృందం ఇంకో కోణం చెప్పింది: ఆపేది ఏదీ లేకుండా రాత్రీ పగలూ ఉసికొల్పే సంకేతాలే తగులుతుంటే కణం అలసి ఆయుధం దించేస్తుందని. మరుసటేడు మనుషుల ఎన్‌కే కణాల్లోనూ ఇదే తీరు కనిపించింది. రెండు వివరణల్లో ఏది ఎక్కువ నిజమో అని చర్చ నడుస్తూనే ఉంది. రెండిట్లోనూ కొంత ఉందని మా అభిప్రాయం.

ఇది ఉందా లేదా అని తేలే రెండు ముక్కల విషయం కాదు. ఫ్యాను రెగ్యులేటర్‌లా మెట్లు మెట్లుగా ఉంటుంది. సొంత హెచ్‌ఎల్‌ఏను పట్టుకునే రిసెప్టర్లు ఎన్ని ఎక్కువుంటే, ఎంత గట్టిగా పట్టుకుంటే, ఆ గుర్తు మాయమైనప్పుడు కణం అంత చురుగ్గా లేస్తుంది. అలా నేర్చిన కణాల సంచుల్లో ఎదుటి కణాన్ని చంపే గ్రాంజైమ్-బీ కూడా ఎక్కువ నిల్వ ఉంటుంది.

నేర్పు శాశ్వతం కూడా కాదు. ఎంహెచ్‌సీ లేని ఎలుకలో మొద్దుబారిన కణాల్ని మామూలు ఎలుకలోకి మారిస్తే కొద్ది రోజుల్లో చురుకుతనం వచ్చింది. మామూలు ఎలుక కణాల్ని ఎంహెచ్‌సీ లేని చోటికి మారిస్తే మొద్దుబారాయి. అంటే రోజువారీగా సర్దుబాటు జరుగుతోందన్నమాట.

ఎలుకల్లోనే ఇంకో మెలిక ఉంది. వాటికి కిర్‌ల బదులు ఎల్‌వై49 అనే వేరే కుటుంబం రిసెప్టర్లు ఉంటాయి. ఆకారంలో కిర్‌లతో చుట్టరికమే లేదు, పని మాత్రం అదే. ఎల్‌వై49ఏ ఎదుటి కణం మీది ఎంహెచ్‌సీనే కాక తన సొంత పొర మీది ఎంహెచ్‌సీని కూడా పక్కనుంచి పట్టుకుంటుంది. అలా కొంత భాగం సొంత ఇంట్లోనే కట్టుబడిపోయి, ఎదుటివాణ్ణి చూడడానికి కొద్దిగానే మిగులుతుంది. ఫలితం ఏమిటంటే, ఎదుటి కణం మీద ఎంహెచ్‌సీ పూర్తిగా పోనక్కర్లేదు, కాస్త తగ్గినా తెలిసిపోతుంది. జన్యువు తెరవడం ఒక సర్దుబాటు, ఉపరితలం మీద ఎంత మిగలాలన్నది రెండోది, కణం చురుకుతనం మూడోది. వీటిని ఒకటిగా కలిపేస్తేనే గందరగోళం మొదలవుతుంది.

రాయగడ నుంచి ల్యాబ్ టెక్నీషియన్: ఒక పరిశోధన కోసం మా దగ్గర రక్తం తీసి విశాఖపట్నం పంపుతాం, అక్కడ ఫ్లో సైటోమెట్రీలో (కణాలకు రంగు పట్టించి ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతిలో) కిర్‌లు చూస్తారు. ఒకే మనిషికి రెండుసార్లు రెండు రకాల అంకెలు వచ్చాయి. తప్పు ఎక్కడ జరుగుతుంది?

జవాబు: మీ వైపు నుంచే మొదలుపెడదాం. మనిషి మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన వెంటనే సూది గుచ్చకండి. అడ్రినలిన్ ప్రభావానికి నిమిషాల్లోనే ఎన్‌కే కణాలు రక్తనాళాల గోడలు వదిలి రక్తంలోకి వచ్చేస్తాయి, శాతం పైకి లేస్తుంది. 20 నిమిషాలు కూర్చోబెట్టి తీయండి, రెండోసారి కూడా అదే వేళకు తీయండి. కణాల పనితీరు కూడా చూడాలంటే సోడియం హెపారిన్ గొట్టం వాడండి. ఈడీటీఏ కాల్షియాన్ని కట్టేస్తుంది, చంపే పనికి కాల్షియం కావాలి. గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఐస్ మీద పంపకండి. 18 నుంచి 22 డిగ్రీలు మంచిది. మే నెలలో రైల్లో గొట్టం 40 డిగ్రీలకు పోకుండా థర్మాకోల్ డబ్బాలో గది చల్లదనం ఉన్న జెల్ ప్యాక్ పెట్టండి. 24 గంటల్లోపు కణాలు వేరుచేయాలి. ఆ గడువు దాటాక వచ్చిన అంకెను మొదటి అంకెతో పోల్చకూడదు.

వేరుచేసేటప్పుడు: రక్తాన్ని సమానమైన పీబీఎస్‌తో పలచన చేసి, సాంద్రత 1.077 ఉన్న ఫైకాల్ మీద నెమ్మదిగా పోయాలి. 400 జీ, 30 నిమిషాలు, బ్రేక్ ఆపేసి తిప్పాలి. బ్రేక్ ఆన్‌లో మరిచిపోతే పొరలు కలిసిపోయి ఎర్రకణాలు, గ్రాన్యులోసైట్లు లోపలికి వచ్చేస్తాయి. చాలా ల్యాబుల్లో జరిగే తప్పు ఇదే. ఆనక రెండుసార్లు కడగాలి.

రక్తం ఎంత కావాలో ముందే లెక్క వేసుకోండి. 1 మి.లీ. రక్తానికి సుమారు 10 నుంచి 20 లక్షల మోనోన్యూక్లియర్ కణాలు దొరుకుతాయి. అందులో ఎన్‌కేలు మోటుగా పదో వంతు అనుకుంటే, 10 మి.లీ.కి 10 నుంచి 20 లక్షల ఎన్‌కేలు. మీరు వెతికే రకం వాటిలో 2 శాతమే అయితే చేతికొచ్చేది 20 నుంచి 40 వేలు. అవి అయిదారు గొట్టాల్లోకి పంచితే, కడగడంలో పోయినవి పోగా, ఒక్కో గొట్టంలో లెక్కపెట్టదగినవి ఎన్ని మిగులుతాయో చూసుకోండి. 2 మి.లీ. రక్తంతో చిన్న రకాల శాతాలు రాస్తే రెండుసార్లూ ఒకే అంకె రావడం అదృష్టమే.

రంగు పట్టించేటప్పుడు: 10 లక్షల కణాలు 100 మైక్రోలీటర్లలో, 4 డిగ్రీల దగ్గర చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు. చచ్చిన కణాలకు అన్ని యాంటీబాడీలూ అతుక్కుంటాయి కాబట్టి చావు-బతుకు రంగు తప్పనిసరి. సీడీ3 లేనివి, సీడీ56 ఉన్నవి మాత్రమే ఎన్‌కేలు. సీడీ3ని సరిగ్గా తీసేయకపోతే కిర్ ఉన్న టీ కణాలు లోపల చేరి అంకెను పాడుచేస్తాయి. ఇతర కణాల గుర్తులైన సీడీ14, సీడీ19 ఉన్నవాటిని కూడా తీసేయండి. కిర్‌ల వెలుగు సన్నగా ఉండే చోట గీత ఎక్కడ గీయాలో ఊహించవద్దు. ఆ ఒక్క రంగు లేని నియంత్రణ గొట్టం పెట్టి గీయండి.

ఇక యాంటీబాడీల దగ్గరున్న అసలు గోతి. ఈబీ6 అనే యాంటీబాడీ క్లోన్ ఆపే రకమైన కిర్2డీఎల్1నీ, ఉసికొల్పే రకమైన కిర్2డీఎస్1నీ రెండిటినీ పట్టుకుంటుంది. జీఎల్183 క్లోన్ 2డీఎల్2, 2డీఎల్3, 2డీఎస్2 మూడిటినీ పట్టుకుంటుంది. బయటి ఆకారం దాదాపు ఒకటే, తేడా లోపలి తోకలో ఉంది, యాంటీబాడీకి అది కనపడదు. ఈబీ6 పట్టిన కణాలన్నిటినీ ఆపే రిసెప్టర్ ఉన్నవిగా రాసేస్తే కొన్ని సందర్భాల్లో అర్థమే తలకిందులవుతుంది. మార్గం ఒకటే: ముందు ఆ మనిషి డీఎన్‌ఏలో కిర్ జన్యువులు టైపింగ్ చేయించండి. 2డీఎస్1 జన్యువు లేనివారిలో ఈబీ6 ఫలితాన్ని చాలావరకు నమ్మవచ్చు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. టైపింగ్‌లో 3డీఎల్1 ఉందని వచ్చి, డీఎక్స్9 యాంటీబాడీకి ఏమీ పట్టకపోతే మీ పొరపాటు అనుకోకండి. 3డీఎల్1లో 004 అనే రూపం కణం లోపలే చిక్కుకుపోతుంది, పైకి దాదాపు రాదు.

పనితీరు చూడడానికి హెచ్‌ఎల్‌ఏ లేని కే562 అనే కేన్సర్ కణాలు వాడతారు. మోనోన్యూక్లియర్ కణాలైతే 10కి 1 చొప్పున, శుద్ధి చేసిన ఎన్‌కేలైతే 1కి 1. ఎన్‌కే తన సంచుల్ని విప్పిందని చూపే గుర్తు సీడీ107ఏ, దాని యాంటీబాడీని మొదట్లోనే వేయాలి, గంట తర్వాత మొనెన్సిన్ వేయాలి, మొత్తం 4 నుంచి 5 గంటలు 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. సీడీ107ఏ పైకి వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. అక్కడి ఆమ్లంలో రంగు పాడవకుండా మొనెన్సిన్ కాపాడుతుంది. మొనెన్సిన్ మరిచిపోయిన రోజు అందరి ఎన్‌కేలూ మొద్దుగానే కనిపిస్తాయి.

ఛత్రపురం నుంచి ఒకరు: ఆపే రిసెప్టర్‌ను మూసేసే మందు ఇస్తే ఎన్‌కే కణాలు విజృంభించి కేన్సర్‌ను చంపాలి కదా. అలాంటి మందులున్నాయా?

జవాబు: తయారు చేశారు. ఫలితాలు ఆశించినట్టు రాలేదు. కిర్‌లను కప్పేసే ఐపీహెచ్2101 అనే యాంటీబాడీని మల్టిపుల్ మైలోమా అనే రక్త కేన్సర్ తొలిదశలో ఇచ్చి చూశారు, కణితి తగ్గలేదు. రోగుల రక్తం చూస్తే ఎన్‌కే కణాలు ముందుకంటే మొద్దుబారాయి. యాంటీబాడీ అంటుకున్న కిర్‌లను మోనోసైట్లు ఎన్‌కే ఉపరితలం నుంచి కొరికి లాగేసుకున్నాయి. జయపురం పాఠకుడికి ఇచ్చిన జవాబు చదివినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. పగ్గం పోయిన కణం దూకలేదు, చతికిలబడింది. కిర్‌లనే కప్పే లిరిలుమాబ్ కూడా ల్యుకేమియాలో అనుకున్న మేలు చూపలేదు. ఎన్‌కేజీ2ఏను కప్పే మొనాలిజుమాబ్‌ను తల, మెడ కేన్సర్లలో సెటుక్సిమాబ్ అనే కేన్సర్ మందుతో కలిపి ఇచ్చిన మూడో దశ ప్రయోగం 2022లో మేలు కనపడక ఆపేశారు.

ఇంతకంటే బాగా పనిచేసిన దారి వేరే ఉంది. నేర్చిన కణాన్నే తెచ్చి, దాన్ని ఆపే గుర్తు లేని ఒంట్లో వదలడం. రోగికి సీ1 మాత్రమే ఉంది, దాతకు సీ1, సీ2 రెండూ ఉన్నాయి అనుకోండి. దాత ఒంట్లో సీ2ను చూస్తూ నేర్చిన కిర్2డీఎల్1 కణాలకు రోగి ఒంట్లో సీ2 కనపడదు, అవి ల్యుకేమియా మీద పడతాయి. 2002లో ఇటలీలోని పెరూజియా బృందం సగం మాత్రమే కలిసిన దాతల మజ్జ మార్పిడిలో, అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా రోగులకు దీనివల్ల మేలు జరిగిందని చూపింది. టీ కణాల్ని బాగా తీసేసిన మార్పిడి అది. అన్ని పద్ధతుల్లోనూ అదే ఫలితం రాదు, దాతను ఎంచేటప్పుడు వైద్యులు ఇంకా చాలా చూస్తారు.

గుణుపూర్ నుంచి ఒక సోదరి: రెండుసార్లు గర్భం నిలవలేదు. రక్తంలో ఎన్‌కే కణాలు 18 శాతం ఉన్నాయి, అవే బిడ్డను చంపుతున్నాయి అని చెప్పి ఖరీదైన సెలైన్లు ఎక్కించుకోమంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ఆ అంకెను చూసి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. రక్తంలో ఎన్‌కేలు వేరు, గర్భాశయంలోవి వేరు. గర్భాశయంలోవి బిడ్డను చంపవు. మాయకు రక్తం తెచ్చే నాళాలు వెడల్పు కావడానికి సాయపడతాయి. తల్లికి ఎక్కువగా ఆపే కిర్‌లే ఉండే ఏఏ రకం ఉండి, బిడ్డకు సీ2 ఉంటే గర్భవాతం (గర్భిణికి రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా) ముప్పు పెరుగుతుందని 2004లో తేలింది. అక్కడ చిక్కు ఎన్‌కేలు మరీ ఉగ్రంగా ఉండడం కాదు, మరీ ఎక్కువగా ఆగిపోవడం. రక్తంలో శాతం చూసి మందు ఇవ్వమని యూరప్ సంతాన వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెప్పడం లేదు. ఆ డబ్బుతో ముందు ఇవి చేయించండి: యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, అవి ఉన్నట్టు వస్తే 12 వారాలు ఆగి మళ్ళీ ఒకసారి, థైరాయిడ్, గర్భాశయం ఆకారానికి స్కానింగ్. యాంటీఫాస్ఫోలిపిడ్ ఉందని తేలితే చవకైన, పనిచేసే చికిత్స ఉంది.

కాశీనగర్ నుంచి: చోడి అంబలి తాగితే ఎన్‌కే కణాలు పెరుగుతాయా?

జవాబు: అంబలి ఒంటికి మంచిదే, తాగండి. ఎన్‌కేలు పెంచుతుందని పొడులు అమ్మేవారి మాట మాత్రం నమ్మకండి. నాలుగు మెట్లెక్కితే రక్తంలో పెరిగి కాసేపటికి దిగిపోయే అంకెను పట్టుకుని ఏ పొడి గొప్పదనమూ తేల్చలేం.

మల్కనగిరి నుంచి ఆరోగ్య కార్యకర్త: ఎర్ర రక్తకణాల మీద హెచ్‌ఎల్‌ఏ ఉండదని శిక్షణలో చెప్పారు. గుర్తు లేకపోతే ఎన్‌కేలు చంపాలి కదా. మా ఊళ్ళలో మలేరియా ఎక్కువ కాబట్టి అడుగుతున్నాను: మలేరియా పట్టిన ఎర్రకణాన్నైనా చంపుతాయా?

జవాబు: ముదిరిన ఎర్రకణం మీద హెచ్‌ఎల్‌ఏ దాదాపు లేనట్టే. కానీ ఉసికొల్పేది కూడా ఏమీ ఉండదు. కేంద్రకం లేని కణం, ఒత్తిడి వచ్చినప్పుడు ఎన్‌కేజీ2డీకి కనపడే మైకా లాంటి గుర్తులు అది తయారుచేయలేదు. ఆపేదీ లేదు, ఉసికొల్పేదీ లేదు, అందుకే ఎన్‌కే దాన్ని దాటిపోతుంది.

మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం లోపలికి దూరాక లెక్క మారుతుంది. ఆ పరాన్నజీవి తన ప్రోటీన్లను ఎర్రకణం పైపొర మీదికి నెడుతుంది. పలుమార్లు మలేరియా వచ్చినవారి రక్తంలో వాటి మీద యాంటీబాడీలు ఉంటాయి. యాంటీబాడీ అంటుకున్న ఎర్రకణాన్ని ఎన్‌కే తన సీడీ16తో పట్టుకుని పగలగొడుతుంది.

పరాన్నజీవి కూడా ఊరుకోలేదు. దానికి రిఫిన్ అనే ప్రోటీన్ల కుటుంబం ఉంది, జన్యువులు సుమారు 150. వాటిలో కొన్ని ఎన్‌కే మీదున్న ఎల్‌ఐఎల్‌ఆర్‌బీ1 అనే ఆపే రిసెప్టర్‌ను పట్టుకుంటాయని 2017లో తేలింది. హెచ్‌ఎల్‌ఏ లేని ఎర్రకణం మీద నిలబడి హెచ్‌ఎల్‌ఏ చేసే పని చేస్తున్నాయన్నమాట. పగ్గం లాగాల్సిన చెయ్యి లేని చోట దొంగ చెయ్యి లాగుతోంది. ఇంకొన్ని రిఫిన్లు కిర్2డీఎల్1ను పట్టుకుని ఎన్‌కేను ఆపుతాయని 2025లో చూపించారు. రాయగడ టెక్నీషియన్‌కు చెప్పిన జంట ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది: బయట అదే ఆకారమున్న కిర్2డీఎస్1 కూడా ఆ రిఫిన్లను పట్టుకుంటుంది. కాకపోతే దాని తోక వేరు కాబట్టి కణం ఆగదు, ఆ ఎర్రకణం మీదికి లేస్తుంది.